గుదికర్ర

యోగానంద ఆఫీసులో దేవుడి పటం పక్కన మేకుకి ఒక గుదికర్ర వేలాడుతూ ఉండేది. ఊరి పొలాల మీద పడి మేసే దొంగ గొడ్డు మెడకు కట్టే కర్ర అది. గొడ్డు నడిస్తే మోకాళ్లకు తగులుతుంది, పరిగెత్తితే కాళ్లకు అడ్డం పడుతుంది. దాంతో ఎంత పొగరు గొడ్డయినా తల వంచుకుని నడుస్తుంది. యోగానంద ఆ కర్రను తన ఊరి నుంచి తెప్పించి, మనిషి కొలతకు సరిపోయేలా రెండు వైపులా కోయించి, కొత్త జనపతాడు వేయించాడు. తిరుపతిలో రైల్వే స్టేషనుకు దగ్గరగా, ఒక బట్టల షాపు మీది అంతస్తులో ఉన్న ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో గొడ్లెక్కడివి? ప్రోగ్రాములు రాసే పిల్లలున్నారు. కర్ర వాళ్ల కోసమే.

బెంగళూరులో కొన్నేళ్లు పనిచేసి వచ్చిన యోగానంద అక్కడి నుంచి ఒక మంచి పద్ధతి తెచ్చాడు. ఎవరు ఏ ప్రోగ్రాము రాసినా, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న పరీక్ష ప్రోగ్రాము కూడా వాళ్లే రాయాలి. ఎవరూ ఆఫీసుకు రాకముందే ఒక కంప్యూటరు ఆ పరీక్షలన్నిటినీ తనంతట తానే నడిపి, నెగ్గినవాటికి పచ్చగీత, తప్పినవాటికి ఎర్రగీత తెర మీద చూపిస్తుంది. ఇంతవరకు వంక పెట్టడానికి ఏమీ లేదు. అయితే ఆ బెంగళూరు పద్ధతికి ఆయన తన ఊరి పద్ధతిని జోడించాడు. ఎవరి పరీక్ష ఎర్రగా వస్తే వాళ్ల మెడకు ఆ సాయంత్రం దాకా గుదికర్ర. టీ తాగడానికి కిందికి దిగినా మెడలో అది ఉండాల్సిందే, బయటి మనుషులు వచ్చినా ఉండాల్సిందే.

"ఊరికే నవ్వుకొనేకే లేబ్బా," అనేవాడు ముడి వేస్తూ. ముడి మాత్రం ఎప్పుడూ ఆయనే వేసేవాడు, పశువుల దగ్గర పెరిగిన చేతులతో, బిగించి.

ఆ నవ్వులాటలో అందరూ ఒక విద్య చాలా త్వరగా నేర్చుకున్నారు. అది మంచి ప్రోగ్రాము రాసే విద్య కాదు, ఎప్పటికీ తప్పని పరీక్ష రాసే విద్య. రెండూ రెండూ కలిపితే నాలుగేనా అని అడిగి, నాలుగే అని జవాబు చెప్పుకునే పరీక్షలు. తెర మీద గీతలన్నీ వరిమడిలా పచ్చగా ఉండేవి. యోగానంద రోజూ పొద్దున్నే వాటి ముందు నిలబడి, తన శిక్షణకు తనే మురిసిపోయేవాడు.

రెండువేల ఆరు వేసవికి ముందు ఆ ఆఫీసుకు టెస్టర్‌గా అమల వచ్చింది. చిత్తూరు పిల్ల. వారం పొడుగునా తిరుపతిలో లేడీస్ హాస్టల్లో ఉండి, శనివారం బస్సెక్కి ఇంటికి పోయి, ఆదివారం తండ్రితో చర్చికి వెళ్లి తిరిగి వచ్చేది. తల్లి పోయినప్పటి నుంచి ఇంట్లో ఇద్దరే. తండ్రి జయరావు చిత్తూరు అవతల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గుజ్జు నింపిన డబ్బాలను ఒక పెద్ద ఇనుప పీపాలో పెట్టి, తలుపు మూసి, ఆవిరి పట్టించి ఉడికిస్తారు. ఆ పీపాను ఫ్యాక్టరీలో అందరూ కుక్కరు అంటారు. ఆ కుక్కరు జయరావు చేతి కింద ఉండేది.

అమల చేరిన కొన్నాళ్లకే యోగానందకు ఒక పెద్ద పని దొరికింది. అదే ఫ్యాక్టరీ, అదే కుక్కరు.

పాత కుక్కరు తలుపుకు చుట్టూ మరలుండేవి. జయరావు లోపలి ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు సున్నాకు దిగిందని చూసుకుని, ఒక్కొక్క మరనూ కొంచెం కొంచెం వదులు చేసి, సందులోంచి బుసలు ఆగాకే తలుపు తీసేవాడు. ఇది నిదానం పని. ఫ్యాక్టరీ మేనేజరు కృష్ణమూర్తికి నిదానం పడదు. సీజన్లో మామిడికాయల లారీలు రోడ్డు మీద మైలు పొడవునా నిలబడిపోతే ఆయనకు నిద్ర పట్టదు. అందుకే కొత్త కుక్కరు తెప్పించాడు. దాని తలుపుకు మరల్లేవు, కంప్యూటరు తాళం ఉంది. లోపల ఆవిరి పోయిందని కంప్యూటరు తేల్చుకోగానే తాళం తీసి పచ్చలైటు వెలిగిస్తుంది. పిడి పట్టి లాగితే తలుపు వచ్చేస్తుంది.

ఆ తాళాన్ని నడిపే ప్రోగ్రాముల పనిని యోగానంద ముగ్గురికి పంచాడు. లోపలి ఒత్తిడి ఎంతుందో చదివి అంకె చెప్పే ప్రోగ్రాము ధర్మేంద్రది. ఆ అంకెను చూసి ఇప్పుడేం చేయాలో నిర్ణయించేది నందిని ప్రోగ్రాము. ఆ నిర్ణయం విని తాళం తీసి లైటు వెలిగించేది మునిశేఖర్ ప్రోగ్రాము. ముగ్గురి పరీక్షలూ పచ్చగా ఉన్నాయి.

"మూడూ కలిపి ఒకతూరన్నా నడిపి సూసినారాన్నా?" అని అమల ధర్మేంద్రను అడిగింది.

ధర్మేంద్ర ఆ ఆఫీసులో అందరికంటే పాతవాడు. మెడకు ఎప్పుడూ గుదికర్ర పడనివాడు. "ఏంటికి?" అన్నాడు. "ఒక్కోటీ బాగుంటే కలిపినా బాగుంటాది. కూరా బాగుండి, అన్నం బాగుంటే కలిపి తినేదానికి పరీక్ష పెడతారా?"

"మా నాయన ఆ కుక్కరు కాడనే పని చేస్తాడన్నా. ఆడ దినామూ కరెంటు పోతాది, వస్తాది. మన పరీక్షల్లో కరెంటు పోయేది యాడుంది?"

ఆమె యోగానంద దగ్గరికి వెళ్లి చెప్పింది. మొత్తం వ్యవస్థను ఒకటిగా నిలబెట్టి, ఆ మొదటి నుంచి ఈ చివరి దాకా నడిపే పరీక్ష ఒకటి రోజూ పొద్దున జరిగే పరీక్షల్లో చేర్చాలంది. యోగానంద వెంటనే ఒప్పుకున్నాడు. బెంగళూరులో అందరూ చేస్తారట, కంపెనీ గురించి వేసే కరపత్రంలో రాసుకోవచ్చట. వెనక గదిలో ఒక బల్ల ఇచ్చాడు. అమల ఆ బల్ల మీద ఒత్తిడి కొలిచే పరికరాన్ని, ఒక తాళాన్ని, ఒక బల్బును కంప్యూటరుకు తగిలించి బుల్లి కుక్కరు ఒకటి తయారుచేసింది. ఆవిరి నిండుగా ఉన్నట్టు కల్పించి, మధ్యలో కరెంటు దానంతట అదే పోయి మళ్లీ వచ్చేలా ఒక స్విచ్చి కూడా పెట్టింది.

మొదటి రోజే పరీక్ష ఎర్రగా వచ్చింది. తాళం తెరుచుకుని ఉంది. పచ్చలైటు వెలుగుతోంది. లోపల ఆవిరి మాత్రం నిండుగా ఉంది.

కారణం కనిపెట్టడానికి ఎంతో సేపు పట్టలేదు. కరెంటు పోయి రాగానే ధర్మేంద్ర ప్రోగ్రాము కొత్తగా మొదలవుతుంది. పరికరం నుంచి మొదటి అంకె అందే లోపు అది సున్నా చెబుతూ ఉంటుంది. అతని లెక్కలో సున్నా అంటే ఇంకా ఏమీ తెలియదని. నందిని ప్రోగ్రాము లెక్కలో సున్నా అంటే ఆవిరి పోయిందని. మునిశేఖర్ ప్రోగ్రాముకు లెక్కలేమీ లేవు, తియ్యమంటే తీస్తుంది.

యోగానంద ముగ్గురినీ పిలిచాడు. చేతిలో కర్ర ఉంది.

"అంకె వచ్చేదాకా సున్నా అని నా కాగితంలో రాసి ఇచ్చినా సార్. చదువుకోకపోతే నేనేం చేసేది?" అన్నాడు ధర్మేంద్ర.

"సున్నా అంటే ఒత్తిడి లేదని మీరే చెప్పినారు సార్," అంది నందిని.

"నేను తాళం తీసేవాణ్ణి సార్. తియ్యమన్నారు, తీసినా," అన్నాడు మునిశేఖర్.

ముగ్గురూ నిజమే చెప్పారు. ముగ్గురి పరీక్షలూ పచ్చగానే ఉన్నాయి. యోగానంద కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ కాసేపు ఆలోచించాడు. ఇంత పెద్ద తప్పు వచ్చి, కర్ర మేకుకే ఉండిపోతే ఇక ఆ కర్రకు విలువేముంటుంది? చివరికి ఆయన అమల వైపు తిరిగాడు.

"ఎర్రగా వచ్చిన పరీక్ష ఎవురు రాసినారు?"

"నేనే సార్."

"అయితే ఇట్రామ్మా."

ఆఫీసంతా నవ్వింది. అమల కూడా నవ్వింది పాపం, మొదటి రోజు కదా.

తర్వాత రోజూ అదే జరిగింది. పరీక్ష రోజూ నిజమే చెప్పేది, రోజూ ఎర్రగా వచ్చేది, అమల మెడకు రోజూ కర్ర పడేది. కింద బట్టల షాపువాళ్లకు ఆ పిల్ల టీకి దిగే వేళ తెలిసిపోయి, గుమ్మంలోకి వచ్చి నిలబడేవాళ్లు. ధర్మేంద్ర ఆమె కుర్చీ పక్కన ఒక పూట ఎండుగడ్డి పెట్టాడు. మునిశేఖర్ ఆమె నడిచినప్పుడల్లా నాలుకతో గొడ్డును అదిలించే చప్పుడు చేసేవాడు. కర్రను తీసెయ్యడం ఆమె చేతిలో పనే. పరీక్షను తీసేస్తే చాలు. ఆమె తియ్యలేదు. ఆ తలుపు పిడి మీద ఎవరి చేతులు ఉంటాయో ఆమెకు తెలుసు.

ఒక రోజు మెట్ల దగ్గర నందిని ఆమెను ఆపింది. "రెండు లైన్లు మారిస్తే సరిపోతాది. నాకు తెల్సు," అంది గొంతు తగ్గించి.

"మార్చొచ్చు గదా మరి."

"మార్చినానంటే తప్పు నాదే అని ఒప్పుకొన్నట్టే గదా. మా అత్తగారి ఊరోళ్లు ఈ కింద షాపులోనే పని చేస్తా ఉండారు. నా మెడలో ఆ కట్టె సూసినారంటే నేనింక ఆ ఊర్లో తల ఎత్తుకోను." అంటూ నందిని ఆమె మెడ దగ్గర తాడులో చిక్కుకున్న వెంట్రుకలను జాగ్రత్తగా విడదీసింది. తర్వాత మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ ఆఫీసులో దయ అంటే అంతవరకే.

ధర్మేంద్ర లెక్కా అదే, మునిశేఖర్ లెక్కా అదే. దిద్దినవాడిదే తప్పు. అందుకని ముగ్గురికీ మందు తెలుసు, ముగ్గురూ వెయ్యలేదు. కర్ర ఎలాగూ ఇంకొకరి మెడలో ఉంది కాబట్టి తొందరా లేదు.

శనివారం ఇంట్లో అన్నం పెడుతూ అమల వంగినప్పుడు జయరావు కంటికి ఆమె మెడ మీద చుట్టూ కమిలిన గీత కనపడింది.

"అదేందమ్మా?"

"బ్యాగు పట్టీ ఒరుసుకున్న్యాది నాయనా."

అతను కొబ్బరినూనెలో పసుపు కలిపి, ఆమెను ముందు కూర్చోబెట్టుకుని మెడకు రాశాడు. ఇనుము పట్టి పట్టి గట్టిపడిన వేళ్లు. అయినా ఆ వేళ్లు ఎక్కడ నొప్పి ఉందో అక్కడ తేలిగ్గా, ఎక్కడ లేదో అక్కడ గట్టిగా నడిచాయి. తల్లి పోయాక ఆమెకు జడ వేసి బడికి పంపినవీ ఆ వేళ్లే. వారమంతా ఆఫీసులో దాచుకున్న ఏడుపు అమలకు ఆ చేతుల కింద వచ్చింది. నూనె కళ్లల్లో పడిందని చెప్పింది.

"కొత్త కుక్కరు దించినారు," అన్నాడు జయరావు రాస్తూనే. "ముల్లు యాడనో ఎనకపక్క పెట్టినారు. నిచ్చెనెక్కి పోతేగాని అగుపడదు. మేనేజరేమో లైటు సూసి తీసెయ్యమంటాడు. నాకేం తెల్సు ఈ కంప్యూటర్ల సంగతి? నువ్వు చెప్పు. ఆ పచ్చలైటును నమ్మేదా వద్దా?"

"వద్దు నాయనా. ఇంకా వద్దు. ఎవురు అరిసినా సరే, నిచ్చెనెక్కి ముల్లు సూసినాకనే తలుపు తియ్యి. కరెంటు పోయొస్తే అసలు ఆ దగ్గరికే పోవద్దు."

"సరే. నువ్వు నమ్మమన్న్యాకనే నమ్ముతా," అన్నాడు జయరావు. యోగానంద ఆ ఎర్రగీతను లెక్కచెయ్యకుండా ప్రోగ్రాములను అప్పజెప్పేసి, కొత్త కుక్కరుతో ఫ్యాక్టరీ నడవడం మొదలయ్యాక కృష్ణమూర్తి కింద నిలబడి ఎన్ని తిట్టినా, జయరావు ప్రతిసారీ నిచ్చెన ఎక్కి దిగాడు. అతని కూతురు చదువుకున్నది, ఆమె వద్దంది, అంతే.

తోతాపురి మామిడి కోతలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున అమల ఆఫీసుకు వచ్చేసరికి తెర నిండా పచ్చగా ఉంది. ఎక్కడా ఎరుపు లేదు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ధర్మేంద్ర మైసూరుపాకు తెప్పించాడు. యోగానంద కర్రను మేకుకే వదిలేసి, "ఈ పొద్దు నీకు సెలవమ్మా," అని ఆమెతో చెప్పాడు. అమల మెడ మీద చెయ్యి వేసుకుంది. తాడు లేని మెడ ఎంత తేలిగ్గా ఉంటుందో ఆమె మరిచిపోయింది.

ముగ్గురిలో ఎవరో ఒకరు గుట్టుగా ఆ రెండు లైన్లూ మార్చి, ఫ్యాక్టరీకి కూడా పంపించారని ఆమె అనుకుంది. నందిని వైపు చూసింది. నందిని తల దించుకుని పని చేసుకుంటోంది. అదీ ఆమెకు గొప్పతనంలాగే తోచింది. ఎవరు దిద్దారని అడిగితే ఆ మనిషిని పట్టించినట్టవుతుందని అడగలేదు. వెనక గదిలోకి వెళ్లి పరీక్షను తన కళ్లముందు ఇంకొకసారి నడపాలని కూడా ఆమెకు అనిపించలేదు. ఇన్నాళ్లు కర్ర మోసిన గొడ్డు తాడు విప్పితే నీళ్లతొట్టి వైపు నడుస్తుంది గాని, విప్పింది ఎవరని వెనక్కి తిరిగి చూడదు.

ఆ శనివారం ఆమె ఇంటికి వెళ్లి మొదటి మాటగా అదే చెప్పింది. "సరిపోయింది నాయనా. ఇంక ఆ లైటును నమ్మొచ్చు. నిచ్చెనెక్కే పని లే."

జయరావు సంతోషంతో ఒక సంచి నిండా మామిడిపండ్లు కట్టి ఇచ్చాడు. "మీ ఆఫీసోళ్లకు పెట్టు. నా కోసం అంత కష్టపడినారు." సోమవారం అమల ఆ పండ్లను కోసి పళ్లెంలో పెట్టి అందరికీ పంచింది. ధర్మేంద్ర టెంకలు కూడా చీకాడు. నందిని కడుపు బాగా లేదని తీసుకోలేదు.

ఆ వారంలోనే, మధ్యాహ్నం పని ముమ్మరంగా ఉన్న వేళ, ఫ్యాక్టరీలో కరెంటు పోయింది. జనరేటరు అందుకుంది. కుక్కరు మీద పచ్చలైటు వెలిగింది. కృష్ణమూర్తి అరవలేదు, అరవాల్సిన అవసరం రాలేదు. జయరావు నిచ్చెన వైపు చూడను కూడా చూడలేదు. రెండు చేతులతో పిడి పట్టుకుని లాగాడు.

తలుపు అతన్ని పక్కకు విసిరేసింది కాబట్టి ప్రాణం మిగిలింది. చేతులు మాత్రం పిడిని వదిలే లోపే ఆవిరిలో ఉడికిపోయాయి. మోచేతుల దాకా తోలు చొక్కా చేతుల్లాగా ఊడి వచ్చింది. చిత్తూరు ఆసుపత్రిలో డాక్టరు, బతుకుతాడు గాని వేళ్లు ఇంక ముడుచుకోవని చెప్పాడు. అమల ఆ మాట విని, ఏ వేళ్లని అడిగింది. అన్నీ అన్నాడు డాక్టరు.

జయరావు స్పృహలోకి రాగానే కూతురితో అన్న మాట, "లైటు వెలిగిందమ్మా. నేను సూసినా. పచ్చగానే ఉన్న్యాది." తప్పు తనది కాదని ఆమెకు చెప్పుకున్నాడు. ఎక్కడ కోప్పడుతుందో అని భయపడ్డాడు.

అమల తిరుపతికి వచ్చి నేరుగా ధర్మేంద్ర కుర్చీ ముందు నిలబడింది. "ఆ రెండు లైన్లు ఎవురు మార్చినారన్నా?"

"ఏ లైన్లు?"

"నా పరీక్ష పచ్చగా వచ్చింది గదా."

"నీ పరీక్ష యాడ వచ్చింది? దాన్ని పొద్దుట జరిగే వాటిల్లో నుంచి తీసేసినా. లేనిది ఎర్రగా ఎట్ల వస్తాది?" ధర్మేంద్ర గొంతులో కొంచెం బాధ కూడా ఉంది, మంచి చేస్తే మాటపడాల్సి వచ్చిందని. "నీ కోసమే చేసినా అమలా. నీ మెడ సూడలేక. అందరం అనుకొనే చేసినాం. సార్‌కీ తెల్సు."

అమల ఒక్కొక్కరి మొహమే చూసింది. మునిశేఖర్ లేచి నీళ్లు తాగడానికి వెళ్లాడు. ఆ రోజు కొట్టిన చప్పట్లు, మైసూరుపాకు, తను కోసి పెట్టిన మామిడిపండ్లు, అన్నీ ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వాళ్ల మీద అసహ్యం వేసింది. వాళ్లకంటే ఎక్కువగా తన మీద వేసింది. మెడ తేలికయిందని పొంగిపోయి, తండ్రికి నమ్మమని చెప్పిన నోరు తనదే.

మూడో నాటికి కృష్ణమూర్తి తిరుపతికి వచ్చాడు. ఫ్యాక్టరీ యజమాని పంపాడట, ఎవరి తప్పో తేల్చుకు రమ్మని. యోగానంద ఆయనకు కూల్‌డ్రింకు తెప్పించి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, తమ ఆఫీసులో పరీక్షలు ఎంత కట్టుదిట్టంగా జరుగుతాయో చెప్పాడు. మొత్తం వ్యవస్థను నడిపి చూసే పరీక్ష తమకు తప్ప ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదన్నాడు. దాన్ని మళ్లీ పెట్టించి, ఆయన కళ్లముందే నడిపించాడు. బల్ల మీది బుల్లి కుక్కరులో కరెంటు పోయింది, వచ్చింది. తాళం తెరుచుకుంది. తెర మీద గీత ఎర్రగా వచ్చింది.

"సూసినారా?" అన్నాడు యోగానంద గర్వంగా. "ఎట్ల పట్టుకొన్న్యాదో."

"పట్టుకొనేది బాగానే ఉండాది," అన్నాడు కృష్ణమూర్తి. "ఎవురి తప్పు?"

యోగానంద ముగ్గురి వైపూ చూశాడు. ముగ్గురూ నేల చూశారు. వెనక గదిలోకి అందరూ వచ్చి చేరారు. ఫ్యాక్టరీ పని చేజారిపోకుండా ఉండాలంటే ఇప్పుడు ఒక మనిషిని చూపించాలి. ఆయన మేకు దగ్గరికి వెళ్లి కర్ర తెచ్చాడు.

"మా ఆఫీసులో ఒక క్రమశిక్షణ ఉండాదప్పా. తప్పును ఎవురో ఒకరు మోయాల్సిందే. టెస్టింగు చేసేది ఈ అమ్మాయి. ఇట్రామ్మా."

అమల వచ్చింది. ఈసారి ఆయన కట్టడం కోసం ఆగకుండా తనే మెడ వంచింది. ఆ కర్ర ఇన్నాళ్లూ అన్యాయంగా పడింది గాని, ఈ రోజు న్యాయంగానే పడుతోందని ఆమె నిజంగా నమ్మింది. ఆ ఆఫీసు చేసిన పనులన్నిటిలోకి క్రూరమైన పని ఆమెను అలా నమ్మించడమే.

యోగానంద ముడి బిగిస్తుండగా కృష్ణమూర్తి పరిశీలనగా చూశాడు. "ఈ పాప జయరావు కూతురు గదప్పా. చర్చి కాడ సూసినా."

"అట్లనా," అన్నాడు యోగానంద. ముడి రెండోది కూడా వేసి, వదులుగా ఉందేమోనని లాగి చూశాడు.

సాయంత్రం ఆమె దాన్ని విప్పలేదు. విప్పమని ఎవరూ అనలేదు కూడా. బస్టాండుకు నడిచి, చిత్తూరు బస్సు ఎక్కింది. మెడలో కర్ర కట్టుకుని నిలబడ్డ పిల్లను బస్సంతా తిరిగి చూసింది. కండక్టరు టికెట్టు కొడుతూ, "ఏం మా, మొక్కుబడా?" అని భక్తిగా అడిగాడు. తిరుపతి బస్సుల్లో అతను ఎన్ని రకాల మొక్కులు చూశాడో. "అవునన్నా," అంది అమల. కండక్టరు ముందు సీట్లో ఒకతన్ని లేపి ఆమెను కూర్చోబెట్టాడు. కొండ వైపు చేతులు జోడించాడు.

ఆసుపత్రిలో జయరావు మంచం మీద ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోచేతుల దాకా తెల్లటి మూటల్లా ఒళ్లో ఉన్నాయి. పక్క మంచం ఆయన బంధువులు టీకి వెళ్లారు. జయరావు కూతురి మెడలోని కర్రను చూశాడు. చిన్నప్పుడు ఊళ్లో పెద్ద రైతుల గొడ్లు కాసిన మనిషికి అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇది దొంగగొడ్డుకు గదమ్మా కట్టేది," అన్నాడు. "నువ్వు ఎవురి చేను మేసినావు?"

"నమ్మమని నీకు నేనే గదా నాయనా చెప్పినా."

జయరావుకు అప్పుడు అర్థమైంది, ఆ రోజు నూనె రాసినప్పుడు మెడ మీద చూసింది బ్యాగు పట్టీ గీత కాదని. తన కుక్కరు కోసమే ఈ పిల్ల ఇన్నాళ్లూ దీన్ని మోసిందని కూడా అర్థమైంది.

"తీసెయ్."

అమల కదల్లేదు. తల వంచుకునే నిలబడింది. అతను తనే విప్పుదామని రెండు చేతులూ పైకెత్తాడు. మూటలు ఆమె భుజాలకు తగిలి ఆగిపోయాయి. నొప్పికి పళ్లు బిగించి, వాటిని మళ్లీ ఒళ్లోకి దించుకున్నాడు.

"ఇట్రా. ఇంకొంచెం వంగు," అన్నాడు.

ఆమె మంచం అంచున కూర్చుని, వీపు అతని వైపు తిప్పి తల వంచింది. జయరావు ఆమె జడను గడ్డంతో పక్కకు నెట్టి, మెడ వెనక ముడిని పళ్లతో పట్టుకున్నాడు. జనపతాడు పీచు నోట్లోకి వచ్చింది. ఉమ్మేసి మళ్లీ పట్టుకున్నాడు. ముడి రాలేదు.

"ఎవుడో గొడ్లను కట్టేది తెలిసినోడే కట్టినాడు," అన్నాడు ఆయాసపడుతూ, మళ్లీ వంగాడు.